నలుగురం, మూడు మెట్లు

ఇది జరిగిన రోజుల్లో నాకు రాయడం రాదు. మా ఊళ్ళో బడి గంట కొట్టే వేళా, బర్రెలను మేతకు తోలే వేళా ఒకటే. ఇంట్లో పిల్లలందరిలో పెద్దదాన్ని నేను. బర్రెలు నా వంతుకు వచ్చాయి, పలకలు తమ్ముళ్ళ వంతుకు వెళ్ళాయి. పెళ్ళయి ఉప్పల్ వచ్చి, నాచారంలో మాత్రలను డబ్బాల్లో సర్దే కంపెనీలో చేరాక కూడా అక్షరాలు లేకుండానే రోజులు గడిచిపోయాయి. మాత్రల పట్టీలను రంగును బట్టి గుర్తుపట్టేదాన్ని, బస్సులను నంబరును బట్టి గుర్తుపట్టేదాన్ని. మా బస్తీలో సాయంత్రపు బడి పెట్టినప్పుడు రెండు రోజులు వెళ్ళాను. రెండు రోజులూ గోడకు ఆనుకుని హాయిగా నిద్రపోయాను.

యాభై దగ్గర పడ్డాక నేర్చుకున్నానంటే, అది మా ఆడబిడ్డ పుణ్యం. మా ఆయనకు అక్క. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య ఒకటే గోడ. నేను అప్పట్లో ఒక పోటీలో పాల్గొన్న సంగతిని ఆమె ప్రతి పెళ్ళిలో, ప్రతి బారసాలలో చెబుతుంది. చెప్పిన ప్రతిసారీ అది కొంచెం పెరుగుతుంది. మొన్న చెప్పినప్పుడు నేను పెద్ద చెరువును ఈది అవతలి ఒడ్డుకు చేరాను. కీసర గుట్ట శివయ్య ముసలివాడి రూపంలో వచ్చి నా సైకిల్‌ను వెనక నుంచి తోశాడు. విన్నవాళ్ళు దండం పెట్టారు. నిజానికి చెరువు లేదు. అది ఒక కాలేజీ వాళ్ళ ఈతకొలను, అడుగున నీలం బిళ్ళలు కనిపిస్తాయి. సైకిల్‌ను ఎవరూ తోయలేదు. తోసి ఉంటే నాకు ఇంకో శిక్ష పడేది. అందుకే జరిగింది జరిగినట్టు నేనే రాసి పెట్టుకుంటున్నాను.

అప్పట్లో నేను మా ఆయన పాత సైకిల్ మీద కంపెనీకి వెళ్ళేదాన్ని. ఆయన లేత్ మిషన్ మీద పనిచేస్తాడు, చేతికి దొరికిన ఇనుమునల్లా బాగుచేస్తాడు. అందుకని ఆ సైకిల్ ముసలిదైనా గాలిలా వెళ్ళేది. ఒకరోజు పొద్దున హబ్సిగూడ దగ్గర, నెత్తి మీద టోపీ, కళ్ళకు నల్లద్దాలు పెట్టుకుని సన్న చక్రాల సైకిల్ తొక్కుతున్న ఒకావిడను దాటి వెళ్ళాను. నాకు షిఫ్టు టైమవుతోంది. వెనక నుంచి కేక వినిపించింది.

"ఏవండీ! ఏవండోయ్, ఒక్క నిమిషం ఆగండి!"

చున్నీ చక్రంలో పడిందేమోనని గాభరాగా ఆగాను. ఆమె రొప్పుతూ వచ్చి నా సైకిల్ చుట్టూ తిరిగి చూసింది.

"దీనికి గేర్లు ఎన్నండీ?"

"గేర్లా? బెల్లు సుత లేదు మేడం."

"ఆదివారం ఏం చేస్తుంటారు మీరు?"

"బట్టలుతుకుత."

"ఈ ఆదివారం ఉతక్కండి."

అలా పరిచయమైంది టీచర్. ఆమెది కృష్ణా జిల్లా, హబ్సిగూడలో ఒక బడిలో లెక్కలు చెబుతుంది. మా ఇద్దరి వయసూ ఇంచుమించు ఒకటే. ఆమె ఆదివారాలు ఒక గుంపుతో కలిసి సైకిల్ తొక్కేది. ఆ గుంపులో ఒకాయన కొత్త సైకిల్ కొనుక్కుని పాత గేర్ల సైకిల్ నాకు ఇచ్చేశాడు. మా ఆయన దాన్ని రాత్రికి రాత్రి ముక్కలు చేసి, తెల్లారేసరికి మళ్ళీ బిగించాడు. "మంచిగనే జేసిండు ఎవడో" అని మాత్రం అన్నాడు.

సైకిల్ తర్వాత పరుగు. పరుగు తర్వాత ఈత. టీచర్ నన్ను ఈతకొలనుకు తీసుకెళ్ళి, "మీకు ఈత వచ్చా?" అని అడిగింది.

"బర్రెలెంబడి చెర్ల దిగినదాన్ని మేడం. నాకు రాకపోతే ఎవ్వరికొస్తది?" అని దూకాను.

బర్రెలు ఎలా ఈదుతాయో నేనూ అలాగే ఈదుతానని అప్పటిదాకా నాకు తెలియదు. తల పైకెత్తి, ముక్కు ఆకాశానికి పెట్టి, రెండు చేతులతో నీళ్ళను తోసుకుంటూ. టీచర్ గట్టున కూర్చుని నవ్వి నవ్వి తానే నీళ్ళలో పడింది. ముఖాన్ని నీళ్ళలో ముంచడం నేర్చుకోవడానికి నాకు ఒక ఎండాకాలం మొత్తం పట్టింది. ఈతకు వేసుకునే పొడవాటి డ్రెస్సు తీగ మీద ఆరేస్తే మా ఆడబిడ్డ గోడ మీదుగా చూసి, "గిదేందే పిల్లా, గింత పెద్ద చేపను ఒలిచినవా?" అంది.

అవి తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. ఉప్పల్ రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలకు గుంటలు తవ్వుతున్న రోజులు కూడా. మామూలు రోజున సైకిల్ తొక్కితే దుమ్ము తప్ప ఏమీ కనిపించదు. కానీ బంద్ పిలుపు వచ్చిందంటే మాకు పండగే. బస్సులు లేవు, లారీలు లేవు, కంపెనీ లేదు, బడి లేదు. ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా రోడ్డంతా మాదే. అలాంటి ఒక బంద్ రోజు ఖాళీ రోడ్డు మీద పక్కపక్కన తొక్కుతూ టీచర్ అడిగింది.

"మీ రాష్ట్రం మీకు వచ్చేశాక నన్ను పంపించేస్తారేంటండీ?"

"మీరు పోతే నేనెవ్వర్ని దాటాలె మేడం? మిమ్ముల తాళ్ళతోని కట్టేసి ఉంచుకుంట."

"దాటడమా? ఎప్పుడు దాటారు మీరు?"

ఇద్దరం నిలబడి తొక్కడం మొదలుపెట్టాం. ఘట్‌కేసర్ దాకా కాళ్ళు ఆపలేదు.

చిన్న చిన్న పోటీలు ఒకటి రెండు అయ్యాక కీసర దగ్గర పెద్దది పెడుతున్నారని తెలిసింది. ట్రయథ్లాన్ అంటారు దాన్ని. రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ ఈత, వెంటనే తొంభై కిలోమీటర్ల సైకిల్, వెంటనే ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. ఒకటే రోజు, మధ్యలో పడుకోవడం లేదు. ఇంతకంటే పెద్దది ఇంకొకటి ఉంటుందట, దీన్ని మధ్యరకం అంటారట. మా ఆడబిడ్డకు ఇదంతా చెబితే వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

"ఈదుడు, తొక్కుడు, ఉరుకుడు. ఏమన్న పోయిందా నీది? ఎత్కుతున్నవా?"

"లేదొదినె. పోటీ."

"ఎవ్వరెవ్వరికి?"

అక్కడే ఉంది అసలు సంగతి. నలభై దాటిన ఆడవాళ్ళ వరుసలో పేరు ఇచ్చినవాళ్ళం నలుగురం. ఒక డాక్టరమ్మ, ఆమె మనిషి కాదు, జింక. ఆమెకు మొదటి స్థానం ఖాయం. నగరం అవతలి వైపు నుంచి వచ్చే కంప్యూటర్ ఆఫీసు మేడం ఒకావిడ, ఆమె సైకిల్ నా చిటికెన వేలితో లేస్తుంది. ఆమెకు రెండో స్థానం ఖాయం. మిగిలింది టీచరూ నేనూ. గెలిచినవాళ్ళు ఎక్కి నిలబడటానికి మూడు చెక్క మెట్లు పెడతారు. నలుగురం, మూడు మెట్లు. పాల్గొంటే చాలు, పూర్తి చేస్తే చాలు అని సంతోషపడే మంచి మనుషులు ఉంటారు. నేను ఆ రకం కాదు. జీవితంలో ఏ వరుసలోనూ నన్ను ఎవరూ నిలబెట్టి చూపించలేదు. నాకు ఆ మెట్టు కావాలి. మాత్రలు సర్దుతూ కూడా ఆ మెట్టు మీద ఎలా నిలబడాలి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలి అని ఆలోచించేదాన్ని.

టీచర్‌కూ అదే కావాలి. ఆమె దాచుకోలేదు కూడా. "మీరంటే నాకు ప్రాణమండీ. కానీ మూడో మెట్టు నాది" అని ముఖం మీదే చెప్పింది.

నాకు చదవడం రాదు కాబట్టి నియమాల పుస్తకం ఆమే చదివి వినిపించింది. పోటీపడే మనిషే కూర్చుని నియమాలు చదివి చెప్పింది, ఒక్కటి కూడా దాచలేదు. అందులో ఒకటి, బయటివాళ్ళ సాయం తీసుకోకూడదని. నిర్వాహకులు పెట్టిన బల్లల దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకూడదు. నేను ఇంటికి వచ్చి మా వాళ్ళకు చెప్పాను, "నాకు ఎవ్వరు సాయం చెయ్యొద్దు" అని. సాయం అంటే సైకిల్ తోయడమని నేనూ అనుకున్నాను, వాళ్ళూ అనుకున్నారు. "మాకేం పని? నీ సైకిల్ నువ్వే తొక్కుకో" అంది మా ఆడబిడ్డ.

పోటీకి ముందురోజు సాయంత్రం ఆమె కీసర గుట్టకు వెళ్ళి విభూతి తెచ్చింది. నా నుదుటికీ, సైకిల్ హ్యాండిల్‌కూ రాసింది.

"నీ మెట్టు కోసం ఒక మొక్కు మొక్కిన."

"ఏం మొక్కినవ్ వదినె?"

"గెల్చినంక చెప్త."

ఆదివారం తెల్లవారుజామునే బస్తీ నుంచి ఒక ట్రాలీ ఆటో నిండా జనం బయలుదేరారు. మా ఆయన, ఆడబిడ్డ, ఆమె చుట్టాలు, మూతకు గుడ్డ కట్టిన పెద్ద మజ్జిగ క్యాన్. ఎండలో నిలబడి చూసేవాళ్ళకు మజ్జిగ ఉండదా మరి అనుకున్నాను.

ఈత బాగా అయింది. చలికి పళ్ళు కొట్టుకున్నాయి కానీ, నీళ్ళలో తల ముంచాక నాకు నవ్వు వచ్చింది. నీళ్ళలో నవ్వితే బుడగలు వస్తాయి, ఊపిరి పోతుంది, అయినా ఆగలేదు. నలభై దాటిన ప్యాకింగ్ మనిషిని, ఇంతమంది విజిళ్ళు వేస్తుంటే, చలిలో, చేప తోలు తొడుక్కుని! గట్టు ఎక్కేసరికి టీచర్ ఇంకా నీళ్ళలోనే ఉంది. మా ఆడబిడ్డ గొంతు అన్నిటికంటే పైన వినిపించింది. "ఉరుకు పిల్లా! తువ్వాల కప్పుకో! సర్ది జేస్తది!"

సైకిల్ రింగు రోడ్డు పక్క దారిలో. పోవడం, రావడం, మళ్ళీ పోవడం, మళ్ళీ రావడం. రోడ్డు నున్నగా ఉంది, గాలి వెనక నుంచి ఉంది, నేను ఎగురుతున్నాననే అనుకున్నాను. తిండి కోసం హ్యాండిల్‌కు ఒక సంచి కట్టుకున్నాను. అందులో అరటిపళ్ళు, పల్లీ పట్టీలు. కీసర వైపు మలుపు దగ్గర సైకిల్‌ను నెమ్మది చేయాలి. నెమ్మది చేశాను. గుట్ట కోతులు అక్కడ గోడ మీద వరుసగా కూర్చుని ఉన్నాయి. ఒకటి చాలా మర్యాదగా దిగి వచ్చి, రెండు చేతులతో నా సంచిని పట్టుకుంది. నేను తొక్కాను, అది వదల్లేదు. కొంచెం దూరం నాతో పాటు పరుగెత్తింది కూడా. సంచి తెగింది. వెనక్కి తిరిగి చూస్తే అది పల్లీ పట్టీ కాగితం విప్పుతోంది.

ఇక తిండి లేదు. సీసాలో నీళ్ళు ఉన్నాయి, అంతే. మూడో విడతలో టీచర్ నన్ను దాటింది. దాటుతూ నోటి నిండా ఖర్జూరంతో, "ఏవండీ, కోతి మీ చుట్టమా?" అంది. నాలుగో విడతలో నేను ఆమెను దాటాను.  

సైకిల్ దిగి పరుగు మొదలుపెట్టేసరికి కాళ్ళు నావి కావు. ఎవరో రెండు మొద్దులు తెచ్చి నడుముకు తగిలించినట్టుంది. అయినా టీచర్ కంటే ముందున్నాను. పరుగు దారి కాలేజీ గేటు నుంచి గుట్ట కిందికి, అక్కడి నుంచి వెనక్కి. మూడు చుట్లు తిరగాలి. మొదటి చుట్టులో మా వాళ్ళు ఈలలు వేశారు. డాక్టరమ్మ అప్పటికే ఒక చుట్టు అదనంగా తిరిగి, నా పక్క నుంచి జింకలా వెళ్ళిపోయింది. రెండో చుట్టు వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది. కడుపు గర్జిస్తోంది. నిర్వాహకుల బల్ల ఇంకా దూరంగా ఉంది. అప్పుడు మా ఆడబిడ్డ రోడ్డు మధ్యలోకి వచ్చి రెండు చేతులూ చాపి నిలబడింది.

"ఆగు పిల్లా. ముఖం సూడు, ఎట్ల వాడిపోయిందో. ఇంతమంది నిన్నే సూస్తున్నరు. దిష్టి తాకింది."

"వదినె, పోటీ!"

"దిష్టి తాకినంక పోటీ ఏముంటదే? జర నిలవడు."

ఒక చేతిలో ఉప్పు, ఎండు మిరపకాయలు. నా చుట్టూ తిప్పింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, డాక్టరమ్మ దిష్టి అని వరుస చదివింది. "ఊయ్" అంది. మూడుసార్లు ఊశాను. నోట్లో తడి లేదు, అయినా ఊశాను. వెంటనే చెంబెడు మజ్జిగ చేతికి ఇచ్చింది. అల్లం, కరివేపాకు, చల్లగా. నేను తాగలేదు, మజ్జిగే నన్ను తాగేసింది.

ఇంతలో టీచర్ వెనక నుంచి వచ్చేసింది. నేను ఆగి ఉన్నాను, ఆమె నన్ను దాటి వెళ్ళిపోవచ్చు. కానీ మా ఆడబిడ్డ ఒకరికి పెట్టి ఒకరిని మాడ్చే మనిషి కాదు. ఇంకో చెంబు పట్టుకుని ఆమెకు కూడా అడ్డం నిలబడింది.

"నువ్వు సుత తాగు టీచరమ్మా. ఎండల ఉరికి వస్తున్నవ్. తాగకపోతే నా మీద ఒట్టు."

టీచర్‌కు నియమాలన్నీ తెలుసు. తనే చదివింది కదా. చెంబు వైపు చూసింది, మా ఆడబిడ్డ వైపు చూసింది. పాపం, ఆమె నోరు కూడా ఎండిపోయి ఉంది. గటగటా తాగేసింది.

విజిల్ మోగింది. నెరిసిన మీసాల సారు ఒకాయన, మెడలో విజిల్, చేతిలో పసుపు కార్డు, మోటార్ సైకిల్ దిగి వచ్చాడు.

"బయటి సాయం. ఇద్దరూ శామియానా కిందికి రండి. శిక్ష."

మా ఆడబిడ్డకు అర్థం కాలేదు. "ఏం సాయం సారూ? తోసిన్నా? మోసిన్నా? మజ్జిగిచ్చిన. అది సాయమా? ఇంటి ముంగట్కెల్లి పోయేటోళ్ళకు ఇయ్యరా మీ దిక్కు?"

"అమ్మా, రూలు."

"రూలు సరే. నువ్వు పొద్దుగాలట్కెల్లి ఎండల తిరుగుతున్నవ్. ముందుగాల ఇది తాగు."

ఆ సారు వద్దు వద్దంటూనే చెంబు అందుకుని తాగాడు. మీసాలు తుడుచుకున్నాడు.

"సార్," అంది టీచర్ చాలా వినయంగా, "మీరూ వచ్చి మాతో నిలబడాలి కదండీ?"

ఆయన నవ్వు ఆపుకోవడానికి విజిల్‌ను నోట్లో పెట్టుకున్నాడు. అది కుయ్యిమంది.

శామియానా కింద ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం, తరగతిలో అల్లరి చేసిన పిల్లల్లా. ఇన్ని నిమిషాలని శిక్ష, అంతసేపూ కూర్చోకూడదు, కదలకూడదు. నిలబడితే కాళ్ళు కొయ్యబారిపోతున్నాయి.

"సాయమంటే తోయడమొక్కటే కాదని చెప్పానుగా మీకు!"

"జెప్పిన్రు మేడం. మజ్జిగ సాయమని జెప్పలే."

"పోనీ, మజ్జిగ మాత్రం అద్భుతంగా ఉందండీ."

"కరేపాకు మా వదినె పెరట్ల చెట్టుది."

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నవ్వితే పొట్ట పట్టేసింది, పట్టేస్తే ఇంకా నవ్వొచ్చింది. అప్పుడు ఆ సారు వచ్చి టీచర్‌ను వెళ్ళమన్నాడు. నన్ను ఉండమన్నాడు. నావి రెండు తప్పులట. మజ్జిగ ఒకటి, దిష్టి ఒకటి.

"దిష్టి సుత సాయమేనా సార్?"

"మీకు నమ్మకం ఉందా లేదా?"

"ఉన్నది."

"అయితే సాయమే."

 టీచర్ పరుగెత్తుతూ వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. "వస్తానండీ! మెట్టు దగ్గర కలుద్దాం!" ఆమె నారింజ రంగు టోపీ చిన్నదవుతూ చిన్నదవుతూ గుట్ట వైపు వెళ్ళిపోయింది. మా ఆడబిడ్డ శామియానా బయట నిలబడి, ముఖం చిన్నబుచ్చుకుని, ఖాళీ చెంబును కొంగుతో తుడుస్తోంది. తుడిచిందే తుడుస్తోంది. అప్పుడు గెలవాలన్న పట్టు నాకు రెండింతలైంది. నేను ఓడితే ఆమె మజ్జిగ వల్ల ఓడినట్టవుతుంది. ఆ తర్వాత ఆమె ఎవరికీ మజ్జిగ ఇవ్వలేకపోతుంది.

వదిలారు. పరుగెత్తాను. మజ్జిగ కడుపులో గలగలమంటోంది, ఉప్పు కళ్ళలో మండుతోంది. అయినా ఏదో హుషారు. రెండో చుట్టు అయిపోయి మూడోది వచ్చినా నారింజ టోపీని చూస్తూనే పోయాను. గుట్ట కింద ఆఖరి మలుపు దగ్గరికి చేరేలోపే అది ఎదురొచ్చింది. అంటే ఆమె మలుపు తిరిగి వెనక్కి వస్తోంది, నేను ఇంకా వెళ్తున్నాను. ఆమె ముఖంలో నవ్వు లేదు. నాకూ లేదు. మలుపు తిరిగాను. దూరం తగ్గుతోంది, కానీ చాలా నెమ్మదిగా. కాలేజీ గేటు కనిపిస్తోంది. ఇక అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు పక్క పొలం దారి నుంచి బర్రెలు రోడ్డెక్కాయి. ఒకటి కాదు, ఒక మంద. పోటీ సంగతి వాటికి తెలియదు. రోడ్డుకు అడ్డంగా పరుచుకుని, గేటుకు కట్టిన రంగుల తోరణాలను చూస్తూ నిలబడ్డాయి. టీచర్ ఆగిపోయింది. అటు వెళ్ళింది, ఇటు వెళ్ళింది. ఒక బర్రె తల తిప్పి ఆమె టోపీ వాసన చూసింది.

"ఏవండీ! ఇది పొడుస్తుందా?"

"పొడ్వదు మేడం! టోపీ తింటది!"

నేను వేగం తగ్గించలేదు. చిన్నప్పటి అరుపు ఒకటి లోపలి నుంచి దానంతట అదే వచ్చింది. ముందున్న పెద్ద బర్రె వీపు మీద అరచేత్తో ఒక్కటి చరిచాను. అది విసుగ్గా ఒకడుగు వేసింది. దాని వెనక మిగతావి కదిలాయి. మధ్యలో దారి పడింది. దూరాను. వెనక తపతపా అడుగుల చప్పుడు. నేను తెరిచిన సందులోంచే టీచర్ కూడా వచ్చేసింది!

గేటు లోపల చివరి వంద గజాలు. ఇద్దరం పక్కపక్కన. ఘట్‌కేసర్ రోడ్డు మీద ఎన్నో బంద్ రోజుల్లో ఇలాగే పోయాం. ఆమె ఊపిరి నా చెవిలో వినిపిస్తోంది. జనం ఏమి అరుస్తున్నారో తెలియదు. మా ఆయన, ఎప్పుడూ గొంతెత్తని మనిషి, రెండు చేతులూ పైకెత్తి ఏదో అరుస్తున్నాడు. ముగింపు గీత మీద కట్టిన కమాను కిందికి నా ఛాతీ ముందు చేరింది. ఒక్క అడుగు. అంతే తేడా.

ఇద్దరం ఒకరి మీద ఒకరం పడ్డాం. టీచర్ నేల మీద పడుకుని, "దిష్టి తీయించుకున్నారు కదండీ, నేను తీయించుకోలేదు, అదే తేడా" అంది.

చెక్క మెట్లలో మూడోది అన్నిటికంటే పొట్టిది. అయినా నా కాలు లేవలేదు. డాక్టరమ్మ ఒక చెయ్యి, కంప్యూటర్ మేడం ఒక చెయ్యి పట్టుకుని నన్ను పైకి లాగారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఎంతో ఆలోచించి పెట్టుకున్నాను కదా, అదంతా మరిచిపోయాను. నోరు తెరుచుకుని నిలబడ్డాను. పైనుంచి చూస్తే అందరి తలలూ కనిపించాయి. టీచర్ ముందు వరుసలో నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

దిగగానే మా ఆడబిడ్డ వచ్చి నా రెండు చెంపలూ నిమిరింది. కళ్ళనిండా నీళ్ళు.

"నా మొక్కు ఫలించింది పిల్లా."

"ఇగ జెప్పు వదినె. ఏం మొక్కినవ్?"

"మా మరదలిని ఒక్క మెట్టు ఎక్కించు తండ్రీ, మర్నాడే నీ గుట్ట మెట్లన్ని ఎక్కి కొబ్బరికాయ కొడ్తది అని."

"ఎవ్వరు కొడ్తరు?"

"నువ్వే."

"నువ్వు మొక్కితే నువ్వు ఎక్కాలె గద వదినె!"

"మెట్టు ఎక్కింది నువ్వు. గుట్ట ఎక్కేది నేనా? న్యాయంగ మాట్లాడు. రేపు సోమారం సుత, స్వామి వారం. నీది రెండో షిఫ్టే గద, పొద్దుగాల పోయొద్దాం."

టీచర్ ఇది విని కడుపు పట్టుకుని నేల మీద కూర్చుంది. కూర్చున్నాక లేవలేకపోయింది. మా ఆయనా, విజిల్ సారూ కలిసి లేపారు.

మర్నాడు పొద్దున నేను మంచం మీద నుంచి దొర్లి కిందపడి, గోడ పట్టుకుని లేచాను. మా ఆడబిడ్డ తలస్నానం చేసి, కొబ్బరికాయ పట్టుకుని గుమ్మంలో సిద్ధంగా ఉంది. కీసరలో బస్సు దిగేసరికి టీచర్ మెట్ల మొదట్లో నిలబడి ఉంది. కాళ్ళు నొప్పులని బడికి సెలవు పెట్టి గుట్ట ఎక్కడానికి వచ్చింది. "మీరు ఏడుస్తూ ఎక్కుతుంటే చూడకపోతే నా నాలుగో స్థానానికి అర్థమేముందండీ?" అంది.

ఎక్కడం పర్వాలేదు. చేతులతో మోకాళ్ళను తోసుకుంటూ ఎక్కాను. ఒక కోతి నన్ను గుర్తుపట్టినట్టే చూసింది, కొబ్బరికాయను గట్టిగా పట్టుకున్నాను. పైన కాయ కొట్టాను, దండం పెట్టాను. దిగడం మొదలుపెట్టాకే తెలిసింది. ఒక్క మెట్టు దిగితే తొడల్లో నిప్పు. వెనక్కి తిరిగి, గుడి వైపు ముఖం పెట్టి దిగితే నొప్పి లేదు. టీచర్ కూడా తిరిగింది. ఇద్దరం చేతులు పట్టుకుని వెనక్కి వెనక్కి దిగుతున్నాం. ఎక్కుతున్న ఒక ముసలామె ఆగింది.

"గిదేం మొక్కు బిడ్డా?"

నేను నోరు తెరిచేలోపు మా ఆడబిడ్డ అందుకుంది. "పెద్ద మొక్కు అవ్వా. స్వామికి ఎన్ను సూపియ్యకుండ దిగాలె. అందరితోని కాదు."

కాసేపటికి పై నుంచి కూనిరాగం వినిపించి తల ఎత్తాను. ఆ ముసలామె దర్శనం ముగించుకుని, కోడలి భుజం పట్టుకుని, వెనక్కి తిరిగి మా వెంటే దిగుతోంది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. టీచర్ నా వైపు చూడలేదు, నేను ఆమె వైపు చూడలేదు. చూసి ఉంటే ఇద్దరం కింద దాకా దొర్లేవాళ్ళం.

కింది మెట్టు మీద కూర్చుని కొబ్బరి చిప్పను ముగ్గురం పంచుకుని తిన్నాం. తర్వాత బస్సెక్కి నాచారం వెళ్ళాను. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. కూర్చుంటే కంపెనీ స్టాపులో లేవలేను.